ముందస్తు సన్మానం

మునిసిపాలిటీలో పని జరగదని ఎవరైనా అంటే తాతబ్బాయికి ఒళ్లు మండేది. జరగదని ఎవరన్నారు? జరుగుతుంది. నెమ్మదిగా జరుగుతుంది, తిట్లు తింటూ జరుగుతుంది, అడిగినవాడు అడిగిన సంగతి మర్చిపోయాక జరుగుతుంది. జరగడం మాత్రం జరుగుతుంది. నీళ్ల విభాగంలో ఫిట్టరుగా చేరిన నాటి నుంచి అతను పైపులు అతుకుతూనే ఉన్నాడు, అవి పగులుతూనే ఉన్నాయి. అతనికీ పైపులకీ మధ్య ఒక సర్దుబాటు కుదిరిపోయి కాపురం సాఫీగా సాగిపోతోంది.

ఆ కాపురంలో నిప్పులు పోసింది కమిషనర్ పరాంకుశం గారి శిక్షణ.

పరాంకుశం గారు చెడ్డవారేం కాదు. చెయ్యి చాచరు, కేకలు వెయ్యరు. ఆయనకున్న వ్యసనమల్లా శిక్షణా శిబిరాలు. ఎక్కడ శిబిరం పెట్టినా వెళ్లేవారు, వెళ్లినప్పుడల్లా ఏదో ఒకటి అంటించుకుని వచ్చేవారు. ఒకసారి అందరిచేతా ప్రాణాయామం చేయించారు. ఇంకోసారి కుర్చీలన్నీ ఈశాన్యం వైపు తిప్పించారు. ఈసారి 'ఉద్యోగుల్లో ప్రేరణ' అన్న విషయం మీద రాజధానిలో శిక్షణ పొంది, మెడలో కార్డు ఇంకా తియ్యకుండానే మీటింగు హాల్లో అందర్నీ సమావేశపరిచారు.

"మిత్రులారా! మీరు పని చెయ్యడం లేదని ప్రజలంటున్నారు. అది వాస్తవమే కావచ్చు. కానీ దానికి కారణం సోమరితనం అంటే మాత్రం నేను ఖండిస్తాను. కారణం గుర్తింపు లోపం! జీతం మనిషికి అన్నం పెడుతుంది, చప్పట్లు మనిషికి ప్రాణం పోస్తాయి. కావున నేటి నుంచి ఈ కార్యాలయ పరిధిలో ఏ పనీ సన్మానం లేకుండా ముగియరాదు. సన్మానం జరగని పనిని పూర్తయిన పనిగా పరిగణించరాదు."

వెనక వరసలో కునుకు తీస్తున్న తాతబ్బాయి చప్పట్లకి ఉలిక్కిపడి లేచాడు. పక్కనున్న అటెండరు ముత్యాలుని మోచేత్తో పొడిచాడు.

"ఏంటంటన్నారు?"

"పని సేత్తే శాలువా కప్పుతారంట."

"చెయ్యకపోతే?"

"అదేం సెప్పలేదు."

మర్నాడే మొదలైంది. మొదటి శాలువా పన్నుల గుమాస్తాకి దక్కింది, ఆఫీసుకి వేళకి వచ్చినందుకు. మేనేజరు విస్సన్న గారికి మైకంటే పంచప్రాణాలు. చేతికి మైకు దొరికితే వినేవాడు దొరక్కపోయినా ఫరవాలేదనే మనిషి. ఆయన ఆ గుమాస్తాని సూర్యుడితో పోల్చి, పోల్చాక సూర్యుడు కాస్త ఆలస్యంగా వస్తాడేమోనని సందేహం వెలిబుచ్చారు. ముఖ్య అతిథిగా రిటైర్డు తాసిల్దారు జగ్గారావు గారు వచ్చారు. ఆ ఊళ్లో పిలిస్తే వచ్చే అతిథి ఆయనొక్కరే. పిలవకపోయినా వచ్చేవారు.

రెండో సన్మానం, మూడో సన్మానం సరదాగానే గడిచాయి. ఆ తరవాత చిక్కు వచ్చింది. సన్మానం జరిగితే తప్ప పని పూర్తయినట్టు కాదు గనక, జనన మరణాల గుమాస్తా సర్టిఫికెట్ల మీద సంతకాలైనా సరే వాటిని ఎవరికీ ఇవ్వకుండా సొరుగులో పెట్టుకుని, మీటింగు హాలు ఖాళీ అయ్యేదాకా కూర్చునేవాడు. తండ్రి పోయిన కాగితం కోసం వచ్చిన ఒక పెద్దమనిషిని తీసుకెళ్లి మొదటి వరసలో కూర్చోబెట్టారు. విస్సన్న గారు మైకు అందుకుని, "ఈ ధ్రువపత్రం ఇంత త్వరగా సిద్ధం కావడానికి మన గుమాస్తా గారి దీక్ష ఎంత కారణమో, వీరి తండ్రిగారి సహకారమూ అంతే కారణం" అన్నారు. ఆ పెద్దమనిషి ఏడవాలో చప్పట్లు కొట్టాలో తెలీక ముందు చప్పట్లు కొట్టాడు. కాగితం చేతికొచ్చాక బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు.

ఇంతలో విస్సన్న గారికి ఒక ధర్మసందేహం వచ్చింది. సన్మానం చెయ్యడం పని అవునా కాదా? అవునని కమిషనరు గారు తేల్చారు. అయితే సన్మానం జరిపించినవారికి సన్మానం జరగాలి. దాన్ని జరిపించినవారికి ఇంకొకటి జరగాలి. ఈ గొలుసు ఎక్కడో ఒకచోట తెంపాలి గనక మేనేజరు గారి దగ్గర తెంపారు. దాంతో పొద్దున ఎవరికి శాలువా కప్పినా సాయంత్రం విస్సన్న గారికి కప్పడం రివాజైంది.

శాలువాలు అయిపోయాయి. కప్పించుకున్నవాళ్లు ఇంటికి పట్టుకుపోయి గుమ్మాలకి తెరలు కట్టారు, పసిపిల్లలకి ఉయ్యాలలు కట్టారు. కమిషనరు గారు పొదుపు చర్యలు ప్రకటించి, ముదురు ఎరుపు మీద జరీ అంచున్న శాలువా ఒక్కటి మాత్రం ఆఫీసు సొత్తుగా ఉంచారు. కప్పడం వేదిక మీద, విప్పడం వేదిక కింద. సన్మానితుడు మెట్లు దిగుతుంటే ముత్యాలు కింద నిలబడి, బస్సు దిగేవాడి దగ్గర టిక్కెట్టు అడిగినట్టు చెయ్యి చాచేవాడు.

*

ఇక్కడ తాతబ్బాయి అక్క సంగతి చెప్పాలి.

ఆమె పేరు మంగతాయారు. తల్లి పోయినప్పుడు తాతబ్బాయికి ఇంకా చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు. అప్పటినుంచి నీళ్లు పోసింది, అన్నం పెట్టింది, బడికి పోనంటే చింతబరికె తీసింది తాయారక్కే. ఇప్పుడు కుమ్మరి వీధిలో ఇడ్లీలమ్ముకుని బతుకుతోంది. తాతబ్బాయి ఎవరికీ భయపడడు, పెళ్లానికి కూడా. అక్కకి మాత్రం భయపడతాడు.

ఆ కుమ్మరి వీధి మొదట్లోనే పైపు పగిలింది. పగిలిన చోటు మురిక్కాలవ పక్కన, నీళ్లకి నేల కోసుకుపోయి గుంట పడింది. నీళ్లు వదిలినప్పుడు మంచినీళ్లు కాలవలోకి పోయేవి, ఆపినప్పుడు కాలవ పైపులోకి వచ్చేది. కుళాయి తిప్పితే ముందు వాసన వచ్చేది, వెనకాల నీళ్లొచ్చేవి.

"ఒరే తమ్ముడూ, ఇయ్యి నీళ్లేనంట్రా? ఇడ్లీ పిండిలో పొయ్యాలంటే సెయ్యాడట్లేదు."

"రేపు అతికేత్తానక్కా."

"రేపంటే ఏ రేపు?"

"రేపంటే రేపే."

అతనా మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. సరిగ్గా ఆ మర్నాడే జగ్గారావు గారు కాశీ ప్రయాణం పెట్టుకున్నట్టు కబురొచ్చింది. వెళ్తే ఎప్పటికి వస్తారో ఆ విశ్వనాథుడికే తెలియాలి. ఆఫీసు మొత్తం గొల్లుమంది. అతిథి లేనిదే సన్మానం లేదు. సన్మానం లేనిదే పని లేదు. అంటే ఆయన గంగలో మునిగి లేచేదాకా ఊళ్లో పుట్టినవాడు పుట్టినట్టు కాదు, పోయినవాడు పోయినట్టు కాదు.

పరాంకుశం గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. కళ్లు తెరిచి ప్రకటించారు.

"ప్రేరణ అంటే ఏమిటి? పనికి ముందు కలిగేది. మరి సన్మానం పని తరవాత చేస్తున్నామే! మనం ఇన్నాళ్లూ బండి వెనక ఎద్దుని కట్టాం. ఇకనుంచి ముందస్తు సన్మానం."

ఆ రోజంతా సన్మానాలే. రాబోయే కాలంలో చెయ్యబోయే పనులన్నిటికీ వరసపెట్టి శాలువా కప్పారు. శాలువా ఒక్కటే గనక ముత్యాలు వేదిక కిందనుంచి పైకీ పైనుంచి కిందకీ పరిగెత్తి పరిగెత్తి ఆయాసంతో చతికిలపడ్డాడు. తాతబ్బాయి వంతు వచ్చింది.

"కుమ్మరి వీధి లీకేజీని అరికట్టిన భగీరథుడు!" అని పిలిచారు విస్సన్న గారు.

తాతబ్బాయి వేదిక ఎక్కుతూ ఆయన చెవిలో, "ఇంకా అతకలేదండి" అన్నాడు.

"అతుకుదువుగానిలేవయ్యా. ముందు మెడ వంచు. అవతల అతిథి గారికి రైలుంది."

మెడ వంచాడు. ఆ మాట దాచడమెందుకు, అతనికి బాగుంది. పుట్టాక అతని కోసం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెళ్లిలో బాజాలు మోగాయిగానీ చప్పట్లు లేవు. శాలువా భుజాల మీద బరువుగా, వెచ్చగా, అమ్మ చెయ్యి వేసినట్టు పడింది. కళ్లు చెమర్చాయి. ఫొటో తీశారు. మెట్లు దిగేటప్పుడు ముత్యాలు చెయ్యి చాస్తే, ఇంకాసేపు ఉంచమని బతిమాలాడు కూడా.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. అది పట్టుకుని అక్క దగ్గరికి వెళ్లాడు. తాయారక్క ఇడ్లీ పాత్ర దించి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఫొటో చూసింది. పక్కింటి పిల్లచేత కింద రాసింది చదివించుకుంది. కుళాయి వైపు చూసింది. మళ్లీ ఫొటో చూసింది.

"శాలువా కప్పుకుంటే దాహం తీరుద్దేంట్రా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికెళ్లి తలుపేసుకుంది. అప్పటినుంచి తమ్ముడితో మాట మానేసింది. అతను వస్తే ఇడ్లీ పెట్టేది, చట్నీ వేసేది, మొహం మాత్రం అటు తిప్పుకునేది. తిడితే పడేవాడే. మాటాడకపోవడం అతనికి గొంతులో ముల్లులా ఉంది.

*

తాతబ్బాయి మేనేజరు గారి దగ్గరికి పోయి, పైపుకి బిగించే ఇనప పట్టీ ఒకటి స్టోరునుంచి ఇప్పించమన్నాడు.

"ఏ పైపుకి?"

"కుమ్మరి వీధి పైపుకండి."

విస్సన్న గారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "అది నువ్వు అతికేశావు కదయ్యా!"

"అతకలేదండి. సన్మానమే అయ్యింది."

"సన్మానమయ్యాక అతకలేదంటావేమిటి? అయిన పనిని మళ్లీ చెయ్యడం అంటే ఆడిట్ అభ్యంతరం. పైగా నువ్విప్పుడు అతికావనుకో, అప్పుడు అతకనట్టే కదా? మరి జగ్గారావు గారు దేనికి చప్పట్లు కొట్టినట్టు? కాశీకి పోయిన పెద్దమనిషిని అబద్ధాలకోరుని చేస్తావా?"

"మరి నీళ్లు కారతన్నాయండి."

"కారడం లేదు. పూర్వం కారిన నీళ్లు ఇంకా ఇంకలేదు."

తాతబ్బాయి కమిషనరు గారి గది తలుపు కూడా తట్టాడు. ఆయన చాలా ప్రేమగా కూర్చోబెట్టి మాట్లాడారు. "తాతబ్బాయ్, సన్మానం పొందిన తరవాత కూడా పని చెయ్యాలనిపిస్తోందంటే నీలో ప్రేరణ పొంగిపొర్లుతోందన్నమాట. సంతోషం. దాన్ని లోపలే నిలవ ఉంచుకో. సన్మానరహితంగా పని చేస్తే మాత్రం క్రమశిక్షణ చర్య తప్పదు."

కుమ్మరి వీధి ఆడవాళ్లు బిందెలతో ఆఫీసు మీదకొచ్చారు. వాళ్లకి పేపరు ఫొటో చూపించారు. ఒకామె తన బిందెలోని నీళ్లు చూపించింది. రెండు సాక్ష్యాలూ పరిశీలించి, ఫొటోలో నీళ్లు లేవు గనక లీకేజీ లేదని విస్సన్న గారు తీర్పిచ్చారు. వాళ్లు పెట్టిన శాపనార్థాలకి కూడా ఆయన చెయ్యెత్తి నమస్కారమే పెట్టారు.

పని చెయ్యకుండానే ప్రతి పనీ పూర్తయిపోతున్న ఆ మునిసిపాలిటీ కీర్తి రాజధాని దాకా పాకింది. రాష్ట్రంలో మరెక్కడా ఒక్క పనీ పెండింగు లేని ఊరు లేదట. డైరెక్టరు గారు స్వయంగా వచ్చి పరాంకుశం గారిని సన్మానిస్తారని ఉత్తర్వు వచ్చింది. ఆఫీసుకి మామిడాకులు కట్టారు. విస్సన్న గారు ఉపన్యాసం బట్టీ పట్టారు. జగ్గారావు గారు కాశీనుంచి తిరిగొచ్చాక సన్మానాలు మళ్లీ మొదలై, శాలువా మాత్రం అన్ని భుజాలు తిరిగి తిరిగి నూనె జిడ్డు పట్టింది. దాన్ని ఉతికి ఇస్త్రీ చెయ్యమని కుమ్మరి వీధి చివరున్న ఇస్త్రీ బండికి ఇచ్చారు. డైరెక్టరు గారు వచ్చే రోజు పొద్దున్నే అది తెచ్చే పని తాతబ్బాయికి పడింది. ముత్యాలు కుర్చీలు వేసే పనిలో ఉన్నాడు.

ఇస్త్రీ వేడి ఆరని శాలువా సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని వస్తుంటే, పైపు పగిలిన చోట తాయారక్క నడిరోడ్డు మీద నిలబడి ఉంది. ఇంతకాలానికి తమ్ముడి మొహంలోకి చూసింది.

"సంటిది రాత్రినించీ కక్కుకుంటా పడుందిరా. డాట్రుగారు నీళ్లేనన్నాడు. నీతో మాటాడకూడదనుకున్నాను. నా మనవరాలి కోసం మాటాడతన్నాను."

సంటిదంటే ఆమె కూతురి కూతురు. తాతబ్బాయి భుజాలెక్కి సైకిలు బెల్లు కొట్టే పిల్ల.

తాతబ్బాయి సైకిలు దిగాడు. శాలువా వైపు చూశాడు, గుంట వైపు చూశాడు, అవతల ఆఫీసు వైపు చూశాడు. అక్కడ మైకు 'హలో హలో' అంటోంది. అతనికి ఏం వచ్చిందో, కోపమో సిగ్గో, సైకిలు పక్కకి తోసేశాడు. వీధి వాల్వు కట్టేసి, లుంగీ ఎగ్గట్టి గుంటలోకి దిగాడు. కాలవకి అడ్డంగా మట్టి వేసి, బురద తోడి, పైపు కడిగాడు. ఇనప పట్టీ లేదు. సైకిలు టైరు విప్పి లోపలి ట్యూబు కోసి పగులు మీద చుట్టాడు. అది జారిపోతోంది. పైన బిగించి కట్టడానికి గట్టి గుడ్డ కావాలి.

"అక్కా, ఆ శాలువా ఇలా ఇయ్యి."

"ఒరే, అది సర్కారోళ్లది కదరా!"

"నీళ్లు కూడా సర్కారోళ్లయ్యే. ఇయ్యి."

శాలువాని నిలువునా మడిచి, పైపుకి గట్టిగా చుట్టి, మీద ఇనప తీగ బిగించాడు. వాల్వు తిప్పాడు. మట్టి పూడ్చేముందు కాసేపు చెయ్యి పెట్టి చూశాడు. చుక్క కారలేదు. జరీ అంచు మాత్రం బురదలో కాస్త మెరిసింది.

*

హాల్లో డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. విస్సన్న గారు గొంతు సవరించుకుని, "ఇప్పుడు మన ప్రేరణా పితామహులకి శాలువాతో…" అన్నారు. డైరెక్టరు గారు చెయ్యి చాచారు. పరాంకుశం గారు మెడ వంచారు. ఆ వంచిన మెడ అలాగే ఉండిపోయింది.

"శాలువా ఏదయ్యా?" అన్నారు డైరెక్టరు గారు.

బురద కాళ్లతో గుమ్మంలో నిలబడ్డ తాతబ్బాయి నిజమే చెప్పాడు. "కుమ్మరి వీధి పైపుకి కప్పానండి."

"పైపుకా? దేనికి?"

"కారతంటేనండి."

డైరెక్టరు గారు చేతిలో ఉన్న కాగితం చూసుకున్నారు. "కుమ్మరి వీధి లీకేజీ ఎప్పుడో అరికట్టినట్టుందే ఇందులో?"

పరాంకుశం గారు మెడ ఎత్తలేదు. విస్సన్న గారు ఒక్కరే తేరుకుని, "అరికట్టామండి! కనుకనే అక్కడ ఇప్పుడు ఒక్క చుక్క కూడా కారడం లేదు. కావాలంటే వెళ్లి చూడండి" అన్నారు. డైరెక్టరు గారు వెళ్లి చూశారు. నిజంగానే కారడం లేదు. కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయి. మెచ్చుకుని కారెక్కారు. సన్మానం మాత్రం శాలువా దొరికాక పెట్టుకుందామన్నారు.

సాయంత్రం తాతబ్బాయి మీద చర్య తీసుకోవడానికి కూర్చున్నారు. పైపు అతికినందుకు సస్పెండు చేద్దామంటే పైపు ఎప్పుడో అతికేసి ఉంది. అతకనందుకు చేద్దామంటే నీళ్లొస్తున్నాయి. ఆఖరికి శాలువా దుర్వినియోగం కింద సస్పెండు చేసి, ఆఫీసు సొత్తు వెంటనే స్వాధీనం చేసుకోమని ఉత్తర్వు వేశారు.

అక్కడ బండి ఆగింది. శాలువా తియ్యాలంటే గుంట తవ్వాలి. తవ్వడం పని. పనికి ముందస్తు సన్మానం జరగాలి. సన్మానానికి శాలువా కావాలి. శాలువా గుంటలో ఉంది. విస్సన్న గారు రెండు రోజులు దీని మీద తర్జనభర్జన పడ్డారు. మూడో రోజు జ్వరం తెచ్చుకుని సెలవు పెట్టారు.

శాలువా లేక సన్మానాలు ఆగాయి. సన్మానాలు ఆగేసరికి ఆఫీసులో ఎవరికీ పొద్దుపోవడం లేదు. జనన మరణాల గుమాస్తా సొరుగు తెరిచి కాగితాలు ఒక్కొక్కటే పంచడం మొదలెట్టాడు. పన్నుల గుమాస్తా కిటికీ దగ్గర కూర్చుని పన్నులు కట్టించుకున్నాడు. కమిషనరు గారు మరో శిక్షణకి దరఖాస్తు పెట్టుకున్నారు.

తాతబ్బాయి కుమ్మరి వీధిలో అక్క అరుగు మీద కూర్చున్నాడు. ఉద్యోగం ఉందో ఊడిందో తెలీదు, సైకిలుకి ట్యూబు లేదు. సంటిది లేచి తిరుగుతోంది. తాయారక్క కుళాయి కింద చెంబు పెట్టి నింపి తెచ్చి తమ్ముడి చేతికిచ్చింది. గడగడా తాగేశాడు.

"నాకు మళ్లీ శాలువా కప్పరేమో అక్కా" అన్నాడు, నవ్వబోతూ.

తాయారక్క మట్టి పూడ్చిన గుంట వైపు చూసింది.

"పోన్లేరా. అది కప్పించుకున్నోళ్లందరిలోనీ పని సేత్తంది ఆ పైపొక్కటే."